గేమ్ గది: తొమ్మిది మంది, ఒక్క రేడియో

ఈ నెల ఉత్తరాలు చాలావరకు విశాఖపట్నం నుంచే, అదీ ఒకే గేమ్ మీద వచ్చాయి. దాని పేరు ‘స్క్వాడ్’, కంప్యూటర్‌లో జట్లుగా ఆడే యుద్ధపు షూటింగ్ గేమ్. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. తయారుచేసింది కెనడాకు చెందిన ఆఫ్‌వరల్డ్ ఇండస్ట్రీస్. 2005లో వచ్చిన ‘బ్యాటిల్‌ఫీల్డ్ 2’ మీద అభిమానులు కట్టిన ‘ప్రాజెక్ట్ రియాలిటీ’ అనే మాడ్ (ఉన్న గేమ్‌ని మార్చి కట్టిన రూపం) దీనికి మూలం. 2015 డిసెంబరులో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తికాకముందే, గేములు అమ్మే స్టీమ్‌లోకి వచ్చింది, 2020 సెప్టెంబరులో పూర్తి గేమ్‌గా విడుదలైంది. అటు 50 మంది, ఇటు 50 మంది. ఆ 50 మందీ మళ్లీ 9 మందికి మించని స్క్వాడ్‌లుగా విడిపోతారు. పొగిడేవాళ్లు పొగిడేదీ, తిట్టేవాళ్లు తిట్టేదీ ఈ తొమ్మిది మంది ఏర్పాటునే.

ప్రశ్న: ఏటండీ ఈ గేమ్? పావుగంట నడుస్తాం, ఎక్కడి నుంచో ఒక్క తూటా, అంతే. ఎవడు కాల్చాడో కూడా చూపించదు. ఫోన్‌లో ఆడే బీజీఎంఐలో నా చెయ్యి బాగానే తిరుగుతుంది, ఇందులో మాత్రం కొత్తోడిలా పడిపోతన్నాను. ఇందులో మజా ఏటో చెప్పండి.
– ఒక ఐటీఐ విద్యార్థి, గాజువాక

జవాబు: మీ చెయ్యి బాగానే ఉంది, దాన్ని వాడాల్సిన చోటే మారింది. బీజీఎంఐలో ఎదురుపడ్డాక గెలుస్తారు. ఇక్కడ ఎదురుపడే ముందే సగం గెలిచి ఉండాలి.

ముందు టికెట్ల లెక్క తెలుసుకోండి. జట్టుకి కొన్ని టికెట్లుంటాయి, అవి సున్నాకి వస్తే ఓటమి. తూటా తగిలి పడిపోయినంత మాత్రాన టికెట్ పోదు. ‘గివ్ అప్’ నొక్కితేనో, నెత్తురు పోయి ప్రాణం పోతేనో ఒకటి పోతుంది. కాబట్టి పడిపోగానే విసుగొచ్చి ఆ బటన్ నొక్కకండి. మైక్‌లో ఎక్కడ పడ్డారో, ఎటునుంచి కాల్పులు వచ్చాయో చెప్పి మెడిక్ కోసం ఆగండి. మెడిక్ అయితే త్వరగా లేపి పూర్తిగా బాగుచేస్తాడు. అతను లేకపోయినా పక్కవాడు తన కట్టుతో మిమ్మల్ని లేపగలడు. అయితే మిమ్మల్ని కాల్చినవాడు ఇంకా అక్కడే కాచుకుని ఉంటాడు. ముందు పొగ గ్రెనేడ్, తర్వాతే మెడిక్. ఈ వరస తప్పితే ఒకరి పక్కన ఒకరు నలుగురు పడతారు.

ఇక గురి. 2023 సెప్టెంబరులో వచ్చిన పెద్ద అప్‌డేట్ తుపాకీ కాల్చే తీరునే మార్చేసింది. పరిగెత్తి ఆయాసంతో తుపాకీ ఎత్తితే గురి ఊగిపోతుంది, పక్కనుంచి తూటాలు దూసుకుపోతే చూపు మసకబారుతుంది. తర్వాతి మార్పుల్లో కొంత సడలించారు గానీ అసలు సూత్రం అదే. మలుపు దాకా పరుగెత్తి, దానికి పది అడుగుల ముందే ఆగి, మోకాలి మీద కూర్చుని, ఊపిరి కుదుటపడ్డాక తొంగిచూడండి. మెషీన్ గన్ వాడు అదేపనిగా కాలుస్తుంటే తూటాలు వృథా చేస్తున్నాడని తిట్టకండి. అవతలివాడు తలెత్తకుండా, ఎత్తినా గురి కుదరకుండా చేయడమే వాడి పని. ఆ పది సెకన్లలో మీరు పక్కనుంచి తిరిగి వెళ్లాలి.

మొదట్లో రైఫిల్‌మన్ పాత్ర తీసుకోండి. అతని దగ్గరుండే అమ్మో బ్యాగ్ కింద పెడితే మిగతావాళ్లు నింపుకుంటారు. అంటే గురి కుదరని రోజున కూడా మీరు స్క్వాడ్‌కి పనికొస్తారు. స్నైపర్ తుపాకీ జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. కొత్తవాళ్లంతా దానికే ఎగబడతారు, గెలుపుకి అంత తక్కువ పనికొచ్చే పాత్ర మరొకటి లేదు.

ప్రశ్న: స్క్వాడ్ లీడర్‌గా ఎవరూ ముందుకు రారు, చివరికి నా నెత్తిన పడుతుంది. ట్రక్కు తీసుకెళ్లి రేడియో పెడతాను, హ్యాబ్ కడతాను. పది నిమిషాలకే శత్రువు వచ్చి తవ్వేస్తాడు, అందరూ నన్ను తిడతారు. సరైన పద్ధతేంటో వరసగా చెప్పగలరా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మధురవాడ

జవాబు: తిట్టేవాళ్లలో ఒక్కడైనా లీడర్‌గా ఒక రౌండ్ ఆడి ఉంటే తిట్టడు. ఈ గేమ్‌లో అన్నింటికన్నా బరువైన ఉద్యోగం ఇది. ఉత్తరాలన్నీ చివరికి మీ ప్రశ్న దగ్గరికే వస్తున్నాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

రౌండ్ మొదలయ్యే ముందు దొరికే కొద్ది నిమిషాల్లో స్క్వాడ్‌కి మూడు మాటలు చెప్పండి: ఎటు వెళ్తున్నాం, ఎవరు డ్రైవింగ్, మెడిక్‌లు ఎవరు. తొమ్మిది మందికి ఇద్దరు మెడిక్‌లు ఉండాల్సిందే. ఒక్కడే ఉంటే మొదట పడేది వాడే.

లాజిస్టిక్స్ ట్రక్కులో మొత్తం 3000 పాయింట్ల సరుకు పడుతుంది. అది నిర్మాణ సామగ్రి, మందుగుండు అని రెండు రకాలు. హ్యాబ్, అంటే మీ జట్టు మళ్లీ పుట్టే గుడారం, దానికి నిర్మాణ పాయింట్లు 400. కొన్ని ఇసుక బస్తాలు, ఒక మెషీన్ గన్ కూడా పెట్టాలన్నా నిర్మాణం 1000 నుంచి 1200 చాలు, మిగతాదంతా మందుగుండు నింపండి. చాలామంది సగం సగం నింపుతారు. పది నిమిషాల తర్వాత ట్యాంకును కొట్టే రాకెట్ తిరిగి తీసుకోవడానికి మందుగుండు ఉండదు, ఎదురుగా ట్యాంకు మాత్రం ఉంటుంది.

ట్రక్కులో ఒంటరిగా వెళ్లకండి. రేడియో అంటే స్థావరానికి కేంద్రం, ముందు అది పెడితేనే దాని చుట్టూ హ్యాబ్ కట్టుకోగలం. దాన్ని పెట్టాలంటే మీ స్క్వాడ్ వాళ్లు ఇద్దరు పక్కన ఉండాలి. ఒక్కరే వెళ్లి అక్కడ నిలబడి ‘ఎవరైనా రండి’ అని అరిచే లీడర్లు ప్రతి సర్వర్‌లోనూ కనిపిస్తారు.

మీ రేడియో పోవడానికి కారణం దాదాపుగా స్థలమే. జెండా (రెండు జట్లూ దక్కించుకోవడానికి పోరాడే చోటు) మీదనో, దాని పక్క ఇంట్లోనో పెట్టి ఉంటారు. శత్రువు ఎలాగూ జెండాకే వస్తాడు, రేడియో హమ్ చప్పుడు వినిపిస్తుంది, పార తీస్తాడు. రేడియో పోతే జట్టుకు 20 టికెట్లు పోతాయి. ఇరవై మంది చచ్చినంత నష్టం. జెండాకు 150 నుంచి 200 మీటర్ల వెనక, శత్రువు వచ్చే దారికి అడ్డంగా కాకుండా పక్కకు, పొదలోనో గోడ మూలలోనో పెట్టండి. రేడియో చుట్టూ 150 మీటర్ల లోపల ఎక్కడైనా కట్టుకోవచ్చు కాబట్టి హ్యాబ్‌ని దానికి 60, 80 మీటర్ల ఎడంగా, జెండా వైపుకి పెట్టండి. హ్యాబ్ దొరికినవాడికి రేడియో వెంటనే దొరకకూడదు. రెండూ ఒకేచోట పెట్టడమే అసలు జబ్బు.

గుర్తు పెట్టగానే హ్యాబ్ లేచిపోదు, పారతో తవ్వి లేపాలి. ముగ్గురు తవ్వితే చకచకా అవుతుంది, ఒక్కరే అయితే ఆ చప్పుడుకి ఊరంతా వస్తుంది. తవ్వడం అయ్యాక ట్రక్కును అక్కడే వదలకండి. ఆకాశం నుంచి చూసినా, కొండ మీంచి చూసినా మీ దాపు పట్టించేది ఆ ట్రక్కే. ఒకరిని రెండో లోడు తేవడానికి వెనక్కి పంపండి. దీనికి ఎవరూ ఒప్పుకోరు. లోడు తెచ్చినవాడికి మైక్‌లో పేరు పెట్టి థ్యాంక్స్ చెప్పండి, తర్వాతి రౌండ్‌లో అడగకుండానే వెళ్తాడు.

శత్రువులు హ్యాబ్‌ని కూల్చక్కర్లేదు. సరిపడా మంది దగ్గరకు చేరితే చాలు, పుట్టడం ఆగిపోతుంది. అలా ఆగితే అది దాడికి ముందుమాట అని అర్థం. ఆ క్షణమే ఇద్దరిని వెనక్కి పంపాలి, జెండా సంగతి తర్వాత. హ్యాబ్ పోయాక వెతుక్కుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

చివరిగా ర్యాలీ. ఇది మీ స్క్వాడ్ ఒక్కదానికే పనికొచ్చే చిన్న పుట్టుకచోటు, 60 సెకన్లకోసారి ఒక గుంపుని లేపుతుంది. హ్యాబ్ ఉందికదా అని ర్యాలీ మరిచిపోయే లీడర్లే ఎక్కువ. ముందుకు జరిగిన ప్రతిసారీ పాతది తీసి కొత్తది పెట్టండి. హ్యాబ్ పడిపోయిన రోజున స్క్వాడ్‌ని బతికించేది అదే.

గొంతు విషయం. మామూలుగా వీ బటన్ దగ్గర్లోని వాళ్లకి, బీ మీ స్క్వాడ్‌కి, జీ మిగతా లీడర్లకి. లీడర్ చెవిలో మూడూ ఒకేసారి మోగుతాయి, పూర్ణా మార్కెట్‌లో సాయంత్రం పూట నిలబడినట్టుంటుంది. దీనికి మందు స్క్వాడ్‌ని ఫైర్‌టీములుగా విడగొట్టడమే. నమ్మకమైన ఒకడికి ముగ్గురిని అప్పజెప్పండి. వాళ్ల సంగతి వాడు చూసుకుంటాడు, మీకు వాడితో మాట్లాడితే చాలు. మైక్ లేనివాణ్ని, పిలిస్తే పలకనివాణ్ని రెండుసార్లు అడిగి తీసేయడం తప్పేమీ కాదు. లీడర్లలో ఎక్కువమంది మొహమాటంతోనే రౌండ్లు పోగొట్టుకుంటున్నారు.

ప్రశ్న: సింగపూర్ సర్వర్లలో నా పింగ్ ఒకరోజు 75, మరోరోజు 160. ఫైబర్ కనెక్షనే. కంపెనీవాళ్లు స్పీడ్ టెస్ట్ చూపించి ‘అంతా బాగానే ఉంది సార్’ అంటారు. తప్పెవరిది?
– డిగ్రీ విద్యార్థి, ఎంవీపీ కాలనీ

జవాబు: పింగ్ అంటే మీ డేటా సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు. స్పీడ్ వేరు, దూరం వేరు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుంచి సింగపూర్‌కి సముద్రం కింద కేబుల్ దాదాపు 3,200 కిలోమీటర్లు. విశాఖ నుంచి చెన్నైకి మరో 800. రానూపోనూ 8,000 కిలోమీటర్లు, అంటే ఏ ఆలస్యమూ లేకపోయినా 40 మిల్లీసెకన్లు. మధ్యలో రౌటర్లు, వంకర దారులు కలిపితే 65 నుంచి 80 రావడం న్యాయమే. మీ 75 మంచి పింగ్. 160 వచ్చినరోజు మీ డేటా చెన్నైలో దిగకుండా ముంబై మీదుగానో, ఇంకా చుట్టూ తిరిగో పోతోందన్నమాట. వంద రూపాయలు ఎక్కువ కట్టి స్పీడ్ పెంచుకున్నా ఇది మారదు.

తేల్చుకునే పద్ధతి ఇది. కంప్యూటర్‌ని లాన్ వైరుతో రౌటర్‌కి కలపండి, వైఫై వద్దు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ట్రేసర్ట్ (tracert) అని కొట్టి సర్వర్ ఐపీ ఇవ్వండి. మొదటి వరస మీ రౌటర్, అక్కడ 1, 2 మిల్లీసెకన్లు దాటకూడదు. దాటితే తప్పు ఇంట్లోనే ఉంది. తర్వాత ఏ వరస దగ్గర అంకె ఒక్కసారిగా ఎగిరి, ఆ తర్వాతి వరసల్లోనూ అలాగే నిలిచిందో గుర్తుపెట్టండి. ఒక్క వరసలో ఎగిరి తర్వాత తగ్గిపోతే పట్టించుకోవద్దు, ఆ రౌటర్ జవాబివ్వడానికి బద్ధకించిందంతే. మంచిరోజు ఒకటి, చెడ్డరోజు ఒకటి, రెండు ఫొటోలూ పంపి ‘రూటు మారింది’ అని ఫిర్యాదు చేయండి. ‘స్లోగా ఉంది’ అంటే మళ్లీ స్పీడ్ టెస్టే చూపిస్తారు.

రాత్రి తొమ్మిది తర్వాత మాత్రమే పెరుగుతుంటే ఇంట్లో ఎవరి ఫోన్ ఫొటోలు బ్యాకప్ చేస్తోందో కూడా చూడండి. అప్‌లోడ్ నిండిపోతే పింగ్ రెట్టింపవుతుంది. నిలకడగా వచ్చే 110తో ఆడొచ్చు. 70కి, 150కి మధ్య గంతులేసే పింగ్‌తో ఆడలేం.

ప్రశ్న: నాకు ఇంగ్లీషు గబగబా రాదు, హిందీ అంతంతమాత్రం. మైక్ ఆన్ చేయాలంటే భయం. మైక్ లేకుండా ఆడకూడదా?
– పాఠకురాలు, భీమిలి

జవాబు: ఆడొచ్చు గానీ సగం గేమ్ వదిలేసినట్టే. ఇక్కడ కావాల్సింది భాష కాదు, వరస. దిక్కు, దూరం, ఏమిటి. ‘టూ వన్ జీరో, హండ్రెడ్ మీటర్స్, టూ మెన్, రెడ్ రూఫ్.’ అంతే, ఇది ఎవరికైనా అర్థమవుతుంది. దిక్కు స్క్రీన్ కింద దిక్సూచి మీద అంకెల్లో కనిపిస్తుంది, దాన్ని ఒక్కో అంకెగా చదవండి. ‘అక్కడ, ఆ చెట్టు దగ్గర’ అని అచ్చ ఇంగ్లీషులో చెప్పినా ఎవరికీ ఉపయోగం లేదు, మ్యాప్‌లో చెట్లు వేలల్లో ఉంటాయి.

మ్యాప్ మీద చోటు చెప్పాలంటే గడులు వాడండి. ఒక్కో పెద్ద గడి 300 మీటర్లు, దానికి అక్షరం, అంకె ఉంటాయి. దాన్ని మళ్లీ కీబోర్డు కుడివైపు అంకెల పలకలా తొమ్మిది ముక్కలు చేశారు: పైన 7, 8, 9, కింద 1, 2, 3. ఒక్కో ముక్క 100 మీటర్లు. ‘ఎఫ్ సిక్స్, కీప్యాడ్ త్రీ’ అంటే ఆ గడిలో కింద కుడి మూల. ఫోన్ కీప్యాడ్‌లో 1 పైన ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు ఇక్కడే తలకిందులవుతారు.

నలుగురు తెలుగువాళ్లు ఉంటే ఒక ఫైర్‌టీమ్‌గా చేరి తెలుగులోనే మాట్లాడుకోండి, లీడర్‌తో మాట్లాడే పని ఒకరు చూసుకోండి. ఆడవాళ్ల గొంతు వినగానే పిచ్చి కూతలు కూసేవాడు తగిలితే వాదన పెట్టుకోకండి. ఆటగాళ్ల పట్టీలో వాణ్ని మ్యూట్ చేసి, సర్వర్ అడ్మిన్‌కి పేరు, సమయం రాసి పంపండి. బాగా నడిపే సర్వర్లలో తీసేస్తారు. తీయని సర్వర్‌కి మళ్లీ వెళ్లక్కర్లేదు.

ప్రశ్న: మోర్టార్ దగ్గర మిల్స్ అని అంకెలు వస్తాయి. అంకె పెంచితే దూరం పోవాలి కదా, నాది దగ్గర్లోనే పడుతోంది. మా వాళ్ల మీదే పడి గొడవైంది.
– పాలిటెక్నిక్ విద్యార్థి, కంచరపాలెం

జవాబు: అది తలకిందుల లెక్క. మిల్స్ అంటే గొట్టం కోణాన్ని కొలిచే అంకెలు. అవి పెరిగేకొద్దీ గొట్టం నిటారుగా లేస్తుంది, గుండు దగ్గర్లోనే పడుతుంది. చుట్టు మొత్తం 6400 మిల్స్ కాబట్టి 800 అంటే సరిగ్గా 45 డిగ్రీలు. దూరంలో అదే గరిష్ఠం, సుమారు 1,230 మీటర్లు. చదును నేల మీద కొన్ని అంకెలు రాసుకోండి: 250 మీటర్లకు 1496, 500కు 1387, 750కు 1267, 1000కు 1118.

ఒక లెక్క చేసి చూద్దాం. లక్ష్యం మీకు తూర్పుకి రెండు గడులు, అంటే 600 మీటర్లు. ఉత్తరానికి ఒక గడి, పైన ఒక కీప్యాడ్ ముక్క, అంటే 400. రెండు వర్గాలు కూడి మూలం తీస్తే 721 మీటర్లు. దిశ 56 డిగ్రీలు, మిల్స్ 1282. పాలిటెక్నిక్‌లో నేర్చుకున్న త్రికోణమితి ఇలా పనికొస్తుందని మాస్టార్లు చెప్పి ఉండరు.

దగ్గరి లక్ష్యాలకు మిల్స్ జాగ్రత్తగా పెట్టాలి. 500 మీటర్ల దగ్గర ఒక్క మిల్లుకి గుండు రెండు మీటర్లకు పైగా జరుగుతుంది. వెయ్యి మీటర్ల దగ్గర మిల్లు తేడా దానికన్నా తక్కువే గానీ దిశలో ఒక్క డిగ్రీ తప్పితే పక్కకి 17 మీటర్లు పోతుంది. గుండు గాల్లో 20 సెకన్లకు పైగా ఉంటుంది, అంటే నడుస్తున్నవాణ్ని కొట్టలేరు. హ్యాబ్‌నో, ఒకచోట కూర్చున్న మెషీన్ గన్‌నో కొట్టండి. మొదట ఒక్క గుండు వేసి, అక్కడ చూస్తున్నవాడు సవరణ చెప్పాక మిగతావి. మీవాళ్ల మీద పడకుండా ఉండాలంటే వేసే ముందు ‘ట్వంటీ సెకండ్స్’ అని చెప్పండి, ఆ జెండా మీదకి ఎవరు పరిగెడుతున్నారో లీడర్‌కి మీకంటే బాగా తెలుసు.

ప్రశ్న: మాది సముద్రం ఎదురుగా ఇల్లు. కంప్యూటర్ కొని ఎంతోకాలం కాలేదు, అయినా పెద్ద యుద్ధం మొదలైతే గేమ్ తడబడుతుంది. కరెంటు ఒక్క క్షణం పోయినా రౌండ్ పోతుంది.
– పాఠకుడు, లాసన్స్ బే కాలనీ

జవాబు: రెండు వేర్వేరు సంగతులు, విడిగా చూద్దాం.

గేమ్ 2025లో అన్‌రియల్ ఇంజిన్ 5కి మారింది, దాంతో బరువు పెరిగింది. వంద మంది ఆటగాళ్లు, వాహనాలు, తూటాలు కలిసి గ్రాఫిక్స్ కార్డు కన్నా ప్రాసెసర్‌నే ముందు అలసిపోయేలా చేస్తాయి. రెజల్యూషన్ తగ్గించినా ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) పెరగకపోతే మీ సమస్య ప్రాసెసర్ దగ్గరే. 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉంటే రెండు స్టిక్కులుగా మార్చండి, కుదిరితే 32 చేయండి. గేమ్ హార్డ్ డిస్క్ మీద ఉంటే ఎస్‌ఎస్‌డీకి జరపండి. స్కోప్ పెట్టగానే మాత్రమే తడబడితే, స్కోప్ లోపలి బొమ్మని విడిగా ఇంకోసారి గీయాల్సి రావడమే కారణం. సెట్టింగుల్లో స్కోప్ నాణ్యత తగ్గించండి. నీడలు మీడియంలో ఉంచండి.

తర్వాత వేడి చూడండి. ఉష్ణోగ్రత చూపే ఉచిత ప్రోగ్రామ్ ఒకటి పెట్టుకుని ఒక రౌండ్ ఆడండి. ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటి తనంతట తనే వేగం తగ్గించుకుంటుంటే సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు. తీర ప్రాంతంలో ఉప్పు తేమ, దుమ్ము కలిసి ఫ్యాన్ రెక్కల మీద, హీట్‌సింక్ సందుల్లో జిగురులా పట్టుకుంటాయి, ఊదితే రాలవు. మెత్తటి బ్రష్‌తో తీయాలి. కేబినెట్‌ని సముద్రం వైపు కిటికీ కింద పెట్టకండి. నెలల తరబడి వాడకుండా ఉంచితే కనెక్టర్ల మీద పచ్చటి తుప్పు కనబడుతుంది. వాడని రోజుల్లోనూ వారానికి రెండుసార్లు గంటసేపు ఆన్ చేసి ఉంచితే ఆ వేడికి లోపలి తేమ పోతుంది. ర్యామ్ కాంటాక్టులు మసకబారితే కరెంటు పూర్తిగా తీసేసి, మెత్తటి రబ్బరుతో తుడిచి మళ్లీ గుచ్చండి. సగం ‘డెడ్’ కేసులు దీంతోనే లేస్తాయి.

కరెంటుకి: బజారులో ఎక్కువగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. గేమింగ్ కంప్యూటర్, మానిటర్ కలిపితే అది చాలదు, కరెంటు పోగానే యూపీఎస్ కూడా కీచుమని ఆగిపోతుంది. 1000 లేదా 1100 వీఏ తీసుకోండి. రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ విడిగా పెట్టండి. చాలామంది కంప్యూటర్‌కి పెట్టి రౌటర్ మరిచిపోతారు, కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది, రౌండ్ మాత్రం పోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. అన్నానికి పిలిస్తే ‘రౌండ్ మధ్యలో ఉన్నానమ్మా, ఆపడానికి లేదు’ అంటాడు. నిజంగా ఆపలేరా, నాకు కథలు చెబుతున్నాడా?
– ఒక తల్లి, మర్రిపాలెం

జవాబు: సగం నిజమే అమ్మా. వంద మంది కలిసి ఆడే ఆట కాబట్టి పాజ్ ఉండదు. ఒక్కో రౌండ్ 40 నిమిషాల నుంచి గంట పైన నడుస్తుంది. అయితే మధ్యలో లేచివస్తే గేమ్ ఏ శిక్షా వేయదు. అతను లీడరో, డ్రైవరో అయితే తోటివాళ్లకి ఇబ్బంది, అంతే. కాబట్టి ‘ఇప్పుడే రా’ బదులు ‘ఎనిమిదిన్నర తర్వాత కొత్త రౌండ్ మొదలుపెట్టకు’ అనండి. రౌండుకీ రౌండుకీ మధ్య విరామం ఉంటుంది, అక్కడ ఆపడానికి సాకు దొరకదు. చదువుకునే రోజుల్లో లీడర్‌గా ఆడొద్దనే షరతు కూడా న్యాయమైనదే. హెడ్‌సెట్ చప్పుడు గదిలో మీకు వినిపిస్తుంటే మాత్రం ఎక్కువైనట్టే, తగ్గించమనండి.

ప్రశ్న: తూర్పు నౌకాదళం ఉన్న ఊరివాళ్లం. గేమ్‌లో ఇండియన్ ఆర్మీ ఎందుకు లేదు?
– పాఠకుడు, మల్కాపురం

జవాబు: అసలు గేమ్‌లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, రష్యా, చైనా, టర్కీ దళాలున్నాయి, మనది లేదు. అయితే స్టీమ్ వర్క్‌షాప్‌లో అభిమానులు చేసిన మాడ్‌లు పెట్టుకోవచ్చు. అవి నడిపే సర్వర్లలోనే ఆడగలరు, అక్కడ జనం పలచగా ఉంటారు. నౌకాయుద్ధం కోసమైతే ఇది మీ గేమ్ కాదు. పడవలు, నీళ్లలో పోయే కవచ వాహనాలు కొన్ని మ్యాపుల్లో ఉన్నాయి, యుద్ధనౌకలు లేవు.

ప్రశ్న: నా దగ్గర డబ్బు ఒక్క గేమ్‌కే ఉంది. స్క్వాడా, హెల్ లెట్ లూజా, ఆర్మా రిఫోర్జరా?
– పాఠకుడు, పెందుర్తి

జవాబు: కంప్యూటర్ లేకుండా కన్సోల్ మాత్రమే ఉంటే స్క్వాడ్ ప్రశ్నే లేదు, అది పీసీలోనే దొరుకుతుంది. హెల్ లెట్ లూజ్ 2021లో వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధం. అదీ 50కి 50 మందే గానీ నేర్చుకోవడం కాస్త తేలిక, మైక్ లేకపోయినా ఎలాగో నెట్టుకురావచ్చు. ఆర్మా రిఫోర్జర్ ఓపికున్నవాళ్లకి. అందులో నడక ఇంకా ఎక్కువ, స్వేచ్ఛా ఇంకా ఎక్కువ. ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి కొనేట్టయితే మా ఓటు స్క్వాడ్‌కే, ఒక్కరే అయితే హెల్ లెట్ లూజ్.

కొనే ముందు ఒక పని చేయండి. మీరు ఆడే సమయంలో, అంటే రాత్రి తొమ్మిది, పది మధ్య మీకు దగ్గరి సర్వర్లలో ఎంతమంది ఉంటున్నారో మూడు నాలుగు రోజులు చూడండి. స్నేహితుడి కంప్యూటర్‌లో సర్వర్ పట్టీ తెరిస్తే తెలుస్తుంది. ఎంత మంచి గేమైనా 30 మందితో ఆడితే ఉసూరుమంటుంది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. ఈ గేమ్‌లో ఆ రెండు గంటలు సెట్టింగులు, సర్వర్ క్యూ, మొదటి రౌండ్‌లోనే కరిగిపోతాయి. క్యూలో నిలబడిన సమయం కూడా లెక్కలోకే వస్తుంది. జెన్సెన్స్ రేంజ్ అనే శిక్షణ మైదానంలో పావుగంట తుపాకులు పట్టి చూసి, ఫ్రేములు ఎలా వస్తున్నాయో గమనించి, ఒకే ఒక్క పూర్తి రౌండ్ ఆడండి. గంటన్నర దాటకముందే ఉంచుకోవాలో, తిరిగి ఇచ్చేయాలో తేల్చుకోండి.